లింబాయత్ కుర్రాడి చేతికి వ్యాక్యూమ్ పంపు

సూరత్ స్టేషన్ నుంచి ఉధ్నా వైపు పోయే రైలు పట్టాలకు తూర్పున లింబాయత్ ఉంది. ఇక్కడి గల్లీల్లో తెలుగు వినబడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల వెంట వచ్చిన పద్మశాలీలు, వాళ్లతో పాటు ఇతర కులాల కుటుంబాలు, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఒకే గోడకు ఆనుకుని బతుకుతున్నారు. సూరత్ నగరపాలిక గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులనూ నడుపుతోందంటే ఈ వలస ఎంత పాతదో, ఎంత పెద్దదో అర్థమవుతుంది.

తండ్రి పన్నెండు గంటల పాళీలో మగ్గం మీద నిలబడ్డ ఇంట్లో కొడుకు ఆ మగ్గం వద్దంటున్నాడు. ఆ శబ్దం, ఆ దుమ్ము, మీటరు లెక్కన కూలి వాడికి అక్కర్లేదు. వాడి కళ్లముందు కనబడే కొత్త పనుల్లో ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ పని ఒకటి. సూరత్‌లో బట్టల మార్కెట్లు, వజ్రాల ఆఫీసులు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లు పెరిగినన్నాళ్లూ ఈ పనికి గిరాకీ తగ్గదు. మీఠీ ఖాడీ పొంగి నీళ్లు ఇళ్లలోకి వచ్చిన ప్రతిసారీ ముందు పాడయ్యేది ఫ్రిజ్. కాబట్టి పని ఉంది. ఆ పని నేర్చుకోవడానికి, చేయడానికి కావలసిన పనిముట్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ఈ సంపాదకీయం అడుగుతున్న ప్రశ్న.

విశ్వవిద్యాలయాల్లో చదువుకున్న మనకు ఈ పెట్టెలో ఏముంటుందో సాధారణంగా తెలియదు. ఇంటికి వచ్చిన మెకానిక్ 'గ్యాస్ అయిపోయింది' అంటాడు, మనం డబ్బులిస్తాం. కాసేపు ఆ పెట్టె తెరిచి చూద్దాం.

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని ఎత్తి బయట పారేస్తుంది. ఆ మోత మోసేది రాగి గొట్టాల్లో తిరిగే రిఫ్రిజిరెంట్, జనం మాటలో గ్యాస్. అది తిరిగే దారి మూసి ఉన్నంతకాలం అది తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ నింపేవాడు ఆరు నెలల్లో మళ్లీ వస్తాడు. అతన్ని మోసగాడనడం తేలిక. అతని దగ్గర నైట్రోజన్ సిలిండర్, రెగ్యులేటర్ ఉన్నాయా అని మనం ఎప్పుడైనా అడిగామా? గొట్టంలో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బు నురగ పూసి, గేజ్ ముల్లు కదలకుండా నిలబడిందో లేదో చూడటమే లీకు వెతకడానికి నమ్మదగ్గ పద్ధతి. నైట్రోజన్ లేనివాడు కొన్నిసార్లు వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ తెచ్చి వాడబోతాడు. కంప్రెసర్‌లోని నూనెకు ఒత్తిడితో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. ఈ ఒక్క వాక్యం ఎవరూ చెప్పకపోవడం వల్ల పోయే ప్రాణం పేద ఇంటిదే అవుతుంది.

రాగి గొట్టాన్ని హాక్‌సా రంపంతో కోస్తే రజను లోపల పడుతుంది, అది కంప్రెసర్‌ను తినేస్తుంది. అందుకే ట్యూబ్ కట్టర్ ఉంది. కోసిన అంచు లోపలికి ముడుచుకుంటుంది, దాన్ని రీమర్‌తో గీకాలి. గీకేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉండాలి. ఆ తర్వాత ఫ్లేరింగ్ టూల్‌తో మూతిని 45 డిగ్రీల గరాటులా విప్పాలి. ఆ గరాటు పగిలితే, వంకరైతే, నట్టు ఎంత బిగించినా గ్యాస్ కారుతూనే ఉంటుంది. అతికేటప్పుడు గొట్టం లోపల సన్నగా నైట్రోజన్ పారుతూ ఉండాలి, లేకపోతే మంట వేడికి లోపలి గోడ మీద నల్లటి పొలుసు కడుతుంది. బయటినుంచి చూస్తే అతుకు మెరుస్తూ ఉంటుంది. పని బాగా చేసినవాడెవడో, చెడగొట్టినవాడెవడో ఏడాది తర్వాత గానీ తెలియదు.

ఇక వ్యాక్యూమ్ పంపు. గొట్టాల్లో మిగిలిన గాలిని, ముఖ్యంగా తేమను, లాగేసేది ఇదే. వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లు. 25 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే పీడనం దాదాపు 24,000 మైక్రాన్లకు దిగాలి. మంచి పనివాడు 500 మైక్రాన్ల దాకా దించి, పంపు ఆపి, ముల్లు నిలబడిందా అని చూస్తాడు. ఇది హైస్కూలు భౌతికశాస్త్రమే. పదో తరగతిలో మరుగు స్థానం, పీడనం అర్థమైన పిల్లవాడికి ఈ పంపు ఎందుకో ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. పంపు కొనలేనివాళ్లు పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే పంపుగా వాడతారు. అదీ లేనివాళ్లు కొంచెం గ్యాస్ వదిలి దానితోనే గాలిని బయటికి తోస్తారు. ఆర్-22 కాలంలో ఈ నాటు పద్ధతి ఎలాగో నడిచింది.

ఇప్పుడు నడవదు. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం ఆర్-22 ను వదిలించుకుంటోంది. దాని తర్వాత వచ్చిన ఆర్-410ఎ లో ఒత్తిడి ఆర్-22 కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పాత గేజులు, పాత హోసులు దానికి చాలవు. ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 లో ఒత్తిడీ అంతే, పైగా అది కొద్దిగా మండుతుంది. కొన్ని ఏసీల్లో, చాలా ఫ్రిజ్‌లలో వాడే హైడ్రోకార్బన్లయితే వంటగ్యాస్ కుటుంబానివే. మండే గ్యాస్‌ను గదిలోకి వదిలి, పక్కనే టార్చి వెలిగించే అలవాటు ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. 2016 నాటి కిగాలీ సవరణను భారత్ 2021 లో ఆమోదించింది. 2019 లో పర్యావరణ మంత్రిత్వ శాఖ తెచ్చిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022-23 నాటికి లక్ష మంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తామని లక్ష్యం పెట్టుకుంది. అంతర్జాతీయ ఒప్పందం ఢిల్లీలో సంతకమవుతుంది. దాని బరువు చివరికి మూడో అంతస్తు గోడకు వేలాడుతూ నట్టు బిగించే కుర్రాడి మీద పడుతుంది. వాడికి సేఫ్టీ బెల్టు కూడా ఎవరూ కొనివ్వరు.

విద్యుత్తు వైపు ఇంకో మాట. కంప్రెసర్‌కు మూడు టెర్మినళ్లు ఉంటాయి: కామన్, స్టార్ట్, రన్. గుర్తులు చెరిగిపోతే ఏది ఏదో మల్టీమీటర్ చెబుతుంది. ఏ రెంటి మధ్య నిరోధం అన్నింటికంటే ఎక్కువో అవి స్టార్ట్, రన్. మిగిలింది కామన్. కామన్ నుంచి తక్కువ నిరోధం చూపేది రన్. ఉస్తాద్ చేతికింద ఏళ్ల తరబడి స్పానర్లు అందించిన హెల్పర్లు ఈ లెక్క తెలియకుండానే ఉండిపోతారు. ఉస్తాద్ చెప్పడు. చెబితే పక్క గల్లీలో ఇంకో దుకాణం తెరుచుకుంటుంది. విద్యను దాచుకుని బతకడం మన దేశంలో ఎవరి పద్ధతో, ఎంత పాతదో ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కింది కులాల ఉస్తాద్‌లు కూడా అదే పద్ధతి పట్టుకోవడం మాత్రం మనం ఒప్పుకోవలసిన చేదు నిజం.

పనిముట్టుకూ కులానికీ ఉన్న ముడి ఊహాజనితం కాదు. 1920లలో బొంబాయి నూలు మిల్లుల నేత విభాగంలోకి అంటరాని కులాలవారిని రానిచ్చేవారు కాదు. నాడెలో కండె మార్చినప్పుడల్లా పోగును నోటితో పీల్చి రంధ్రంలోంచి లాగాలి. ఒకరి నోరు తగిలిన నాడెను ఇంకొకరు పట్టుకోవాలి. ఆ ఎంగిలి సాకుతో, కూలి ఎక్కువ వచ్చే విభాగం మొత్తం దళితులకు మూతపడింది. 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టి నిలదీశారు. కార్మికులందరి ఐక్యత గురించి మాట్లాడేవాళ్లకు అప్పటిదాకా ఆ నాడె కనబడలేదు. సూరత్‌లో ఇప్పుడు రేపియర్, వాటర్‌జెట్ మగ్గాలు వచ్చాయి, వాటిలో నాడెే లేదు, పీల్చడమూ లేదు. సాకు పోయింది. కానీ ఏ యంత్రం ఎవరి చేతికి వెళ్లాలో ముందే తేల్చే అలవాటు అంత తేలిగ్గా పోలేదు. కులమంటే పనిని పంచడమే కదా అని సమర్థించేవాళ్లకు 1936 లోనే 'కుల నిర్మూలన'లో ఆయన జవాబు చెప్పారు: అది పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడగొడుతుందని, మనిషికి ఇష్టాన్నిబట్టి, శక్తినిబట్టి పని ఎంచుకునే వీలు మిగల్చదని.

ఆయన 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. సాంకేతిక శిక్షణ, ఉపాధి కార్యాలయాలు ఆ శాఖ కిందివే. నేడు ఐటీఐలను నడిపించే డైరెక్టరేట్ జనరల్ మూలాలు 1945 లో ఆ శాఖ కిందే ఏర్పడిన పునరావాస, ఉపాధి డైరెక్టరేట్‌లో ఉన్నాయి. 1950 లో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం మొదలైంది. రాజ్యాంగ నిర్మాతగా ఆయన్ను తలుచుకునే మనం, వర్క్‌షాపు గురించి ఆలోచించిన అంబేద్కర్‌ను తక్కువగా తలుచుకుంటాం.

ఇప్పుడు లింబాయత్‌లో ఒక కుర్రాడిని ఊహించుకోండి. తెలంగాణ నుంచి వచ్చిన మాదిగ కుటుంబం, తండ్రి మిల్లులో మూటలు మోస్తాడు, కుర్రాడు సూరత్‌లోనే పుట్టి పదో తరగతి పాసయ్యాడు. ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడ్‌లో చేరాలని ఉంది. గుజరాత్‌లో ఎస్సీలకు 7 శాతం రిజర్వేషన్ ఉంది. అది వాడికి వర్తించదు.

వర్తించదని తేల్చిన తీర్పు ఒక తెలుగు విద్యార్థి వేసిన కేసులోనే వచ్చింది. మర్రి చంద్రశేఖర్ రావు కేసు, 1990. తెనాలిలో ఎస్టీ సర్టిఫికెట్ పొందిన తండ్రికి ఉద్యోగం బొంబాయిలో. కొడుకు అక్కడే చదివి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులంగానో తెగగానో గుర్తింపు పొందినవారు మరో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అదే పేరుతో అక్కడి జాబితాలో కులం ఉన్నా సరే. 2018 లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే దారిలో నడిచింది, ఢిల్లీకి మాత్రం వేరు మాట చెప్పింది. తర్కం ఏమిటంటే, ఒక కులం పడే వెనుకబాటు ఆ రాష్ట్ర పరిస్థితులకు సంబంధించినది, ఊరు మారితే అది అలాగే ఉండాలని లేదు.

లింబాయత్‌లో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఇంటిపేరు అడిగేవాళ్లకు ఈ తర్కం తెలియదు. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు ఆ ఇంటి పడకగది దాకా, వంటగది గుమ్మం దాకా వెళ్లాలి. ఊళ్లో వాడి తాతను వాకిట్లోనే ఆపిన సమాజం ఇప్పుడు వాడిని లోపలికి పిలవాల్సి వస్తోంది, అందుకే నీళ్లు ఏ గ్లాసులో ఇస్తారన్న ప్రశ్న ఈ వృత్తిలో ఇంకా బతికే ఉంది. సర్టిఫికెట్ విలువ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. కులం మాత్రం టికెట్ లేకుండా అదే రైలెక్కి వస్తుంది. (1960 మే 1 దాకా జల్‌గావ్, సూరత్ రెండూ ఒకే బొంబాయి రాష్ట్రంలో ఉండేవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పట్టాలు మారలేదు, గీత మారింది.)

సరే, గుజరాత్‌లో లేకపోతే తెలంగాణలో అడుగుదామంటే అక్కడ ఏ ఊళ్లో చదివావన్న స్థానికత ప్రశ్న వస్తుంది. చదివింది సూరత్‌లో. రెండు వైపులా వాడు బయటివాడే.

ఐటీఐ దొరక్క హెల్పర్‌గా చేరి, అయిదారేళ్లకు పని నేర్చుకున్నాడనుకుందాం. సొంత పెట్టె కావాలి. గేజ్ మానిఫోల్డ్, వ్యాక్యూమ్ పంపు, ఫ్లేరింగ్ కిట్, బెండర్, టార్చి, నైట్రోజన్ సిలిండర్, క్లాంప్ మీటర్, గ్యాస్ తూచే కాటా, డ్రిల్లింగ్ మెషిన్, బెల్టు. నాసిరకం తీసుకున్నా పదుల వేలవుతుంది. పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా పట్టుకునే రికవరీ మెషిన్ కూడా కలిపితే ఇంకా పెరుగుతుంది. దళితుల కోసమంటూ 2016 లో తెచ్చిన స్టాండప్ ఇండియా రుణం 10 లక్షల దగ్గర మొదలై కోటి దాకా వెళ్లేది. వీడికి కావలసింది అందులో పదో వంతు. చిన్న అవసరం ఉన్నవాడు ఆ గడప ఎక్కలేడు. ముద్రా శిశు రుణం 50,000 వరకు ఇస్తుంది, దాంతో సగం పెట్టె నిండుతుంది, అదీ బ్యాంకు మేనేజరు సరేనంటే.

2023 సెప్టెంబర్ 17 న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పనిముట్లు ఉచితంగానే ఇస్తుంది. 15,000 రూపాయల టూల్‌కిట్, శిక్షణ రోజుల్లో రోజుకు 500, అయిదు శాతం వడ్డీకి రుణం. కానీ ఎవరికి? పద్దెనిమిది సంప్రదాయ వృత్తులకు. చెప్పులు కుట్టేవారు, క్షురకులు, రజకులు, కుమ్మరులు, కమ్మరులు, బుట్టలు, చీపుర్లు అల్లేవారు. కుటుంబం నుంచి, గురుశిష్య పరంపర నుంచి వచ్చిన పని అయి ఉండాలి. ఆ జాబితాలో ఏసీ మెకానిక్ లేడు. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులే కుడితే ప్రభుత్వం సుత్తి ఇస్తుంది. వాడే వ్యాక్యూమ్ పంపు అడిగితే వరుసలోంచి తప్పుకోమంటుంది. 1953 లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో సగం పూట బడి, సగం పూట ఇంటి వృత్తి అని తెచ్చిన పథకాన్ని కులవిద్య అని ద్రావిడ ఉద్యమం తరిమికొట్టింది. అప్పటికి కోస్తా, రాయలసీమ కూడా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వం 2024 లో విశ్వకర్మను ఇదే రూపంలో అమలు చేయబోమని చెప్పి, కులంతో, కుటుంబ వృత్తితో పని లేని సొంత పథకం తెచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ అంతగా వినబడకపోవడం మనకు తలవంపు.

ఈ ప్రశ్న గుజరాత్‌లో ఇంకా పదునుగా ఉంది. 2016 జూలైలో ఊనా దగ్గర దళిత యువకులను కట్టేసి కొట్టిన తర్వాత, పశువుల కళేబరాలు ఎత్తబోమని వేలమంది ప్రతిజ్ఞ చేశారు. అది మన కాలపు అతి గొప్ప సమ్మెల్లో ఒకటి. ఆ ఉద్యమం అయిదెకరాల భూమి అడిగింది. కులం అంటగట్టిన పని వదిలేసిన చేతిలోకి తర్వాత ఏమి రావాలన్న ప్రశ్నకు భూమి ఒక జవాబు. పట్టణంలో పెరిగే కుర్రాడికి ఇంకో జవాబు కూడా కావాలి.

ఇక్కడ మన శిబిరంలోంచే ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. నైపుణ్యం పేరుతో దళితులను ఐటీఐలకు తోసి, ఐఐటీలను, విశ్వవిద్యాలయాలను పైకులాలకు వదిలేసే కుట్ర ఇది కాదా అని. అమెరికా నల్లజాతి ఉద్యమంలో బుకర్ టి. వాషింగ్టన్ చేతిపని విద్య ముందన్నాడు, డబ్ల్యూ. ఇ. బి. డుబాయ్ ఉన్నత విద్యను వదులుకోవద్దన్నాడు. 1946 లో అంబేద్కర్ ఉత్తరం రాసింది డుబాయ్‌కే. మన మొగ్గు ఎటో అందులోనే ఉంది. అజంతా సుబ్రమణియన్ 'ది కాస్ట్ ఆఫ్ మెరిట్' (2019) లో చూపించినట్టు, వలస పాలన కాలం నుంచే ఆలోచించే ఇంజనీరు, చేత్తో చేసే పనివాడు అన్న విభజన కులం గీతల మీదే సాగింది. అయితే ఆ పుస్తకం నుంచి మనం తీసుకోవలసింది ఐటీఐని వదిలేయమని కాదు, ఆ విభజననే ప్రశ్నించమని. కంచ ఐలయ్య 2007 లో పిల్లల కోసం రాసిన పుస్తకంలో కుండ, నాగలి, తోలు, బట్ట వెనుక ఉన్న విజ్ఞానాన్ని విజ్ఞానంగా చూడమన్నాడు. 500 మైక్రాన్ల వెనుక ఉన్నది కూడా అదే. రెండేళ్ల ఐటీఐ చేసినవాడు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి ఉంది. ఆ మెట్టు ఎక్కేందుకు సాయం చేస్తే ఐటీఐ గోతి కాకుండా ఉంటుంది.

ఇక కోర్టు చెప్పిన మాటనే పట్టుకుందాం. వలసపోయిన ఎస్సీ తన పుట్టిన రాష్ట్రానికి ఎస్సీగానే ఉంటాడు, ప్రయోజనాలు ఆ రాష్ట్రం నుంచే పొందాలి అన్నది కేంద్రం ఎప్పటినుంచో చెబుతున్న వైఖరి. బాగుంది. అయితే ఆ రాష్ట్రం ఎక్కడ? తెలంగాణకు 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో దళితబంధు మొదలుపెట్టి కుటుంబానికి 10 లక్షలన్నారు. సూరత్‌లో, భివండీలో, షోలాపూర్‌లో ఉన్న తన దళితుల కోసం ఆ నిధిలోంచి టూల్‌కిట్లు, ఐటీఐ ఫీజులు, శిక్షణ కాలపు భృతి ఇవ్వడానికి ఏది అడ్డం? ఎన్నికల ప్రచారానికి సూరత్ దాకా నాయకులు వెళ్లగలిగినప్పుడు ఒక సంక్షేమ అధికారి వెళ్లలేడా?

గుజరాత్ వైపు చేయదగ్గవీ ఉన్నాయి. అనుభవంతో పని నేర్చుకున్నవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి, అంటే పూర్వ అభ్యాసానికి గుర్తింపు, దేశమంతా ఉంది. లింబాయత్‌లో నగరపాలిక బడి భవనం ఒకటి సాయంత్రాలు ఖాళీగా ఉంటే చాలు, ఒక శిక్షకుడు, పాత ఏసీలు నాలుగు, ఒక నైట్రోజన్ సిలిండర్ పెట్టి తెలుగు, మరాఠీ, హిందీ మూడింటిలో నేర్పవచ్చు. ఖరీదైన రికవరీ మెషిన్, మైక్రాన్ గేజ్ ఒక్కొక్కరూ కొనాల్సిన పని లేదు. గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నట్టు సంతకం పెట్టి రోజుకు తీసుకెళ్లే ఏర్పాటు బస్తీలో ఉండాలి. అంబేద్కర్ జయంతికి డీజే కోసం పోగయ్యే చందాల్లో ఒక్క ఏడాది భాగం పెట్టినా మొదటి పంపు వస్తుంది. ఈ మాటకు కొందరు నొచ్చుకుంటారని తెలిసే రాస్తున్నాం.

సూరత్‌లోని ఇంజనీరింగ్ కళాశాలల్లో, ఎస్‌వీఎన్‌ఐటీలో చదువుతున్న మన విద్యార్థులకు ఒక చిన్న పని చెప్పి ఆపుతాం. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఐటీఐ ప్రవేశాల ఫారాలు మొదలవుతాయి. లింబాయత్‌లో ఒక ఆదివారం బల్ల వేసుకుని కూర్చోండి. ఫారంలో కులం గడి దగ్గర ఆగిపోయిన ప్రతి తెలుగు, మరాఠీ విద్యార్థి వివరం, అతని తండ్రి సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదో, ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారో ఒక నోటుబుక్కులో రాయండి. హైదరాబాద్‌లో నిధి లెక్క అడిగేటప్పుడు, గాంధీనగర్‌లో సీటు అడిగేటప్పుడు చేతిలో ఉండవలసిన మొదటి పనిముట్టు ఆ నోటుబుక్కే.